ఆకాశరామన్న పత్రిక
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయినది. కవిసమ్మేళనం కావలసి ఉన్నది. ఈ రెండింటి నడుమ కొంచెంసేపు మమ్మల్ని మాట్లాడుమన్నారు. "పిల్లలకు నచ్చేదీ, పెద్దలకు పనికివచ్చేదీ చెప్పండి" అని కార్యదర్శిగారి ఆజ్ఞ. ఈ రెండూ ఒక్కచోట దొరకడం అరుదు. వెతగ్గా వెతగ్గా ఒక సినిమా దొరికింది. తెలుగు సినిమా కాదు, మరాఠీదీ హిందీదీ కూడా కాదు, అమెరికా చిత్రం. పేరు "మోక్సీ". 2021వ సంవత్సరం మార్చి 3వ తేదీన నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. మన పిల్లల్లో కొందరు ఇదివరకే చూచి ఉంటారు. పెద్దలు చూచి ఉండరు. పిల్లలు చూచినవి పెద్దలు చూడరు, పెద్దలు చెప్పినవి పిల్లలు వినరు. ప్రస్తుత కాలంలో ఇళ్ళల్లో సమాధానంగా జరుగుతున్న పని ఇదొక్కటే.

ఈ సినిమానే ఎందుకు ఎంచుకున్నామో ముందుగా మనవి చేస్తాము. మన సంఘంలోని పన్నెండుమంది అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి కార్యవర్గానికి ఒక అర్జీ పెట్టుకున్నారు. గ్రంథాలయం గదిలో ఒక గోడ తమకు ఇవ్వాలనీ, దానిమీద నెలకొక పత్రిక తామే వ్రాసి అంటిస్తామనీ కోరారు. వాళ్ళు చదివే మరాఠీ బడులలో భిత్తిపత్రక్ అంటారట, మనకు గోడపత్రిక. కార్యవర్గంలో దీనిమీద గంటన్నర చర్చ జరిగింది. "వీళ్ళకు గుణింతాలు రావు, తప్పుల తడక అవుతుంది, పదిమంది చూస్తే నవ్వుతారు" అని ఒకరు. "వీళ్ళు మన ఇళ్ళ సంగతులు వ్రాస్తే?" అని మరొకరు. "వ్రాసిన ప్రతి ముక్కా ముందు మేము చదివి సంతకం చేసిన తరువాతనే అంటించాలి" అని ఇంకొకరు. తీర్మానం కాలేదు. రాబోయే సర్వసభ్య సమావేశానికి వాయిదా పడింది. ఆ సమావేశంలో చేతులెత్తవలసిన వారందరూ ఈ సభలోనే ఉన్నారు గనుక, పిల్లలు పత్రిక పెడితే ఏమవుతుందో చూపించే కథ ఒకటి ముందుగా మీ చెవిని వేయడం మంచిదని తోచింది.

"మోక్సీ" నవ్విస్తూ నవ్విస్తూ గొంతు పట్టుకునే రకం చిత్రం. జెన్నిఫర్ మాథ్యూ అనే రచయిత్రి 2017లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. ఆమె టెక్సస్ రాష్ట్రంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉపాధ్యాయిని. బడిమీద పిల్లలు తిరగబడిన కథను బడిపంతులమ్మే వ్రాసిందన్నమాట! దర్శకురాలు ఎమీ పోలర్, హాస్యనటిగా ఆ దేశంలో ఇంటింటా తెలిసిన మనిషి. కథానాయిక తల్లి వేషం కూడా ఆమెదే.

"మోక్సీ" అన్న మాటకు అర్థం చెప్పాలి. 1880ల్లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ పట్టణంలో ఒక వైద్యుడు నరాల సత్తువకని ఒక పానీయం తయారుచేసి ఆ పేరుతో అమ్మాడు. సీసా సంగతి ఎట్లా ఉన్నా, పేరు జనం నోట్లో నానింది. మనిషిలో ఉండే తెగువకు అదే మాటగా నిలిచిపోయింది. మన భాషలో చెప్పాలంటే "చేవ". చెట్టు లోపల చేవ ఉన్నదీ లేనిదీ గొడ్డలి పడితేగాని తెలియదు. ఈ కథలో అమ్మాయి సంగతీ అంతే.

ఆ అమ్మాయి పేరు వివియన్, పదహారేళ్ళది. బిడియస్తురాలు. తరగతిలో చేయి ఎత్తదు. ఎవరైనా తనవైపు చూస్తే పుస్తకంలోకి తల దూరుస్తుంది. చదువు ముగియవస్తున్నది గనుక కాలేజీకి దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తులో ఒక ప్రశ్న: నీ మనస్సును గాఢంగా కదిలించిన విషయం ఏది? ఆ ప్రశ్న ముందు కూర్చుని పిల్ల బిక్కమొగం వేస్తుంది. కదిలించినది ఏమీ లేదు, చేసినది అంతకంటే లేదు. మార్కులు మాత్రం ఉన్నాయి. ఈ సన్నివేశానికి నవ్వని తల్లిదండ్రులు ఉండరు. మన ఇళ్ళల్లోనూ పిల్లల్ని ఈ ప్రశ్న అడిగితే ముందు మన మొగం చూస్తారు, ఏమి జవాబు వ్రాయమంటావని.

ఆ బడిలోకి లూసీ అనే కొత్త పిల్ల వస్తుంది. మొదటిరోజే ఇంగ్లీషు తరగతిలో, ఏటేటా అదే పాత నవలను ఎందుకు చదివిస్తున్నారని అడుగుతుంది. ఫుట్‌బాల్ జట్టు నాయకుడు మిచెల్ అడ్డుపడతాడు. అది మొదలు ఆమెను వదలడు. లూసీ హెడ్‌మిస్ట్రెస్ దగ్గరకు పోయి, తనను వేధిస్తున్నాడని ఫిర్యాదు చేస్తుంది. అప్పుడు ఆమె ఇచ్చే సమాధానం ఈ చిత్రంలోకెల్లా రత్నం. "వేధించడం" అనే మాట వాడితే తాను నానా తతంగమూ నడపవలసి వస్తుందట. "విసిగిస్తున్నాడు" అంటే ఏ చిక్కూ లేదట! పిల్ల దెబ్బ తగిలిందని వస్తే మందు వేయడం మానేసి దెబ్బ పేరు మార్చింది. ప్రేక్షకుడు ఇక్కడ నవ్వుతాడు, వెంటనే నవ్వినందుకు ముల్లు గుచ్చుకుంటుంది.

ఆ బడిలో ఒక చెడ్డ ఆచారం ఉన్నది. మగపిల్లలు ఏటా ఆడపిల్లలకు బిరుదులు కట్టి జాబితా ఒకటి ఫోనుల్లో పంచుతారు. చాలావరకు ఈ వేదికమీద చెప్పరాని బిరుదులు. వివియన్‌కు మాత్రం చెప్పదగిన బిరుదే వచ్చింది: "అందరికంటె విధేయురాలు". తిట్టు కాదు, బూతు కాదు. మన వాళ్ళయితే ఆ బిరుదును పెళ్ళిచూపుల్లో చెప్పుకుంటారు. కాని ఆ పిల్లకు అదే తగిలింది. ఆ రాత్రి తల్లి పాతపెట్టె తెరిచింది. అందులో తల్లి యౌవనంలో స్నేహితురాళ్ళతో కలిసి అచ్చువేసిన చిన్న చిన్న పత్రికలు కనిపించాయి. తెల్లవారేలోగా కత్తెర, జిగురు, నల్లసిరా పట్టుకుని తానూ ఒకటి తయారుచేసింది. బడి సంగతులు సూటిగా వ్రాసింది. కాపీలు తీసే దుకాణానికి పోయి నకళ్ళు తీయించింది. తెచ్చి బడిలో ఆడపిల్లల స్నానాలగదుల్లో పెట్టి వచ్చింది. పేరు "మోక్సీ". వ్రాసినవారి పేరు లేదు.

మనలో దీనికి చక్కని మాట ఉన్నది: ఆకాశరామన్న ఉత్తరం. పైనుంచి ఊడిపడుతుంది, అడుగున సంతకం ఉండదు. ఆకాశరామన్నను మనం పిరికిపంద అని తిడతాము. కాని ఈ సినిమా చూస్తుంటే మాకు తోచిన మాట ఒకటి: ఆకాశరామన్న ఆకాశంలో పుట్టడు. చెవిలేని ఇంట్లో పుడతాడు. లూసీ సంతకం పెట్టినంత పనిచేసి, హెడ్‌మిస్ట్రెస్ ఎదుట నిలబడి, తన పేరుతో చెప్పుకున్నది. ఏమి దక్కింది? పేరు పెట్టి చెప్పినప్పుడు విననివారికి, పేరులేని కాయితం వచ్చినప్పుడు కోపగించే హక్కు ఎక్కడిది?

ఆ తరువాత కథ హుషారుగా నడుస్తుంది. మా మాటతో ఏకీభవించేవారు చేతులమీద గుండెలూ నక్షత్రాలూ గీసుకుని రండని పత్రిక పిలుపునిస్తుంది. మరునాడు వివియన్ గుండె దడదడలాడుతూ బడికి పోతే, ఊహించనివాళ్ళ చేతులమీద కూడా గుర్తులు కనబడతాయి. సేత్ అనే అబ్బాయి చేతిమీద సైతం! ఒక అమ్మాయి భుజాలు కనిపించే పైవస్త్రం తొడుక్కువచ్చిందని ఇంటికి పంపితే, మరునాడు ఆడపిల్లలందరూ అదే మాదిరి తొడుక్కుని వస్తారు. అందరినీ ఇంటికి పంపితే బడి ఏమి కావాలి? చుట్టుకొలతలు చూచి పిల్లలను తూచే పెద్దరికం ఎంత నవ్వులపాలు అవుతుందో చిత్రం చక్కగా చూపింది. బడి క్రీడాకారులకు ఇచ్చే విద్యార్థివేతనానికి ఈసారి ఫుట్‌బాల్ నాయకుడికి పోటీగా, ఆడపిల్లల జట్టు నాయకురాలు కియెరాను నిలబెడతారు. ఓట్లలో మిచెలే గెలుస్తాడు. న్యాయం ఎల్లప్పుడూ గెలిచే సినిమాలు మనకు కొల్లలు గనుక, ఈ ఓటమి మాకు నచ్చింది.

ఇక అసలు సంగతి. వివియన్‌కు చిన్ననాటి నుంచి ప్రాణస్నేహితురాలు క్లాడియా. చైనా నుంచి వలసవచ్చిన కుటుంబం పిల్ల. ఈ గొడవలన్నీ ఆమెకు పడవు, దూరంగా ఉంటుంది. అయినా స్నేహం చంపుకోలేక, "మోక్సీ"ని బడిలో సంఘంగా నమోదు చేయించి అక్కడ తన పేరు పెడుతుంది. పత్రిక నడిపేవారెవరో తెలియదు. కాయితాలమీద ఉన్న పేరు ఒక్కటే. శిక్ష ఎవరికి? క్లాడియాను బడినుంచి కొన్నాళ్ళు వెలివేస్తారు. వ్రాసినది ఒకరు, అనుభవించినది మరొకరు. అప్పుడు క్లాడియా స్నేహితురాలితో అనే మాటల సారాంశం మన సభలో వినిపించి తీరాలి. మా అమ్మ సమస్తమూ వదులుకుని ఈ దేశం వచ్చింది. నా మీద ఉన్న బరువు నీకు తెలియదు. తెగించడం నీకు తేలిక, నాకు కాదు, అంటుంది.

అయ్యలారా, అమ్మలారా! క్లాడియా మన పిల్ల. తాతలనాడు మగ్గం భుజాన వేసుకునో, మేస్త్రీ వెంటో ఈ నేలకు వచ్చిన ఇళ్ళల్లో పుట్టిన ప్రతి పిల్లా క్లాడియానే. "పరాయిచోట ఉన్నాము, తల వంచుకుపో" అన్న మాట మన ఇళ్ళల్లో ఉగ్గుపాలతో పోస్తారు. ఆ మాట తప్పని మేము అనలేము. దానివల్ల మనం బ్రతికాము. కాని క్లాడియా తల వంచుకునే ఉన్నది, శిక్ష ఆమెకే పడింది. తల వంచుకున్నంతలో దెబ్బ తప్పుతుందన్న హామీ లేదు.

వివియన్ ఇక్కడ కొంత దారి తప్పుతుంది కూడా. కోపం అలవాటైపోయి, అందరిమీదా విరుచుకుపడుతుంది. భోజనాల బల్ల దగ్గర తల్లినీ, తనకు మేలుకోరిన సేత్‌నూ నొప్పిస్తుంది. చీకట్లో నిలబడి రాళ్ళు వేసేవారికి వచ్చే జబ్బే ఇది. ఎవరికి తగులుతున్నదో కనబడదు. తల్లి కూడా గొప్పలు చెప్పుకోదు. తమ రోజుల్లో తాము చేసిన పోరాటంలో పొరపాట్లు చాలా ఉన్నాయనీ, అందరినీ కలుపుకోలేకపోయామనీ ఒప్పుకుంటుంది. పిల్లల ముందు ఇంతమాత్రం ఒప్పుకోగల పెద్దలు ఎందరు?

చివరికి ఒక అమ్మాయి పేరు చెప్పకుండా ఒక చీటీ వదులుతుంది. తనమీద ఘోరమైన బలాత్కారం జరిగిందని అందులో ఉన్నది. వివియన్ ఆ సంగతి పత్రికలో వేసి, అందరూ తరగతులు విడిచి బయటకు రావాలని కోరుతుంది. వస్తారు. అప్పుడు మొదటిసారి వివియన్ అందరి ఎదుట నిలబడి, ఈ పత్రిక నాదే అంటుంది. ఆమె పేరు బయటపెట్టిన తరువాతనే, ఆ చీటీ వ్రాసిన అమ్మాయి కూడా ముందుకు వచ్చి, చీటీ తనదేననీ, అపకారి మిచెలేననీ చెప్పగలుగుతుంది. మిచెల్‌ను హెడ్‌మిస్ట్రెస్ తన గదిలోకి పిలుస్తుంది.

ఇంత బరువైన సంగతిని చివరి కొద్ది నిమిషాల్లో ముగించడం చిత్రంలోని లోపమే. లూసీ, క్లాడియా వివియన్‌కంటె గట్టి పాత్రలు. వారి కథలే సగంలో ఆగాయి. అయినా ఒక్క మెలిక బాగా పట్టారు. పేరులేని పత్రిక నిప్పు రాజేయగలదు గాని దీపం నిలపలేదు. దీపం పట్టుకోవడానికి ఒక చేయి కావాలి, ఆ చేయి పదిమందికి కనబడాలి.

ఇదంతా సినిమా కల్పన అనుకోవద్దు. ఆ తల్లి పెట్టెలోని పత్రికలకు చరిత్ర ఉన్నది. మేగజీన్ అన్న మాట తోక తెంచి "జీన్" అంటారు. 1990ల మొదట్లో అమెరికా వాయవ్యమూలనున్న ఒలింపియా పట్టణంలోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ యువతులు పాటల బృందాలు కట్టి, వాటితోబాటు ఇటువంటి పత్రికలు నకళ్ళు తీసి చేతులమీదుగా పంచారు. "రయట్ గర్ల్" ఉద్యమమని దానికి పేరు. అచ్చాఫీసు అక్కరలేదు, సంపాదకుడి అనుమతి అక్కరలేదు.

బడిపిల్లల మాటకు హద్దు ఎక్కడ అన్న ప్రశ్న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా పోయింది. 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలోని డెమాయిన్ నగరంలో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధంలో చనిపోయినవారి కోసం చేతికి నల్లగుడ్డ కట్టుకుని బడికి వెళ్ళారు. వారిలో మేరీబెత్ టింకర్ వయస్సు 13 ఏళ్ళు. బడినుంచి పంపివేశారు. 1969 ఫిబ్రవరి 24న న్యాయస్థానం 7 మంది ఒకవైపు, 2 ఒకవైపుగా తీర్పుచెప్పింది. బడి గడప దాటినంతమాత్రాన పిల్లలు తమ భావాలు చెప్పుకునే హక్కును బయట వదిలిరారనీ, చదువుకు గట్టి భంగం కలిగితే తప్ప ఆపరాదనీ దాని సారాంశం.

తరువాత మరొక వ్యాజ్యం. 1983 మే నెలలో మిస్సోరి రాష్ట్రంలోని హేజిల్‌వుడ్ ఈస్ట్ హైస్కూలులో విద్యార్థులు "స్పెక్ట్రమ్" అనే పత్రిక తయారుచేశారు. అది బడి ఖర్చుతో, పాఠంలో భాగంగా నడిచే పత్రిక. ఒక వ్యాసం గర్భవతులైన విద్యార్థినుల గురించి, ఒకటి తల్లిదండ్రుల విడాకులవల్ల పిల్లలు పడే బాధ గురించి. ప్రధానోపాధ్యాయుడు ఆ వ్యాసాలున్న రెండు పేజీలూ తీసివేయించాడు. పిల్లలకు మాటమాత్రం చెప్పలేదు. పత్రిక చేతికి వచ్చిన తరువాతనే వారికి తెలిసింది. 1988 జనవరి 13న తీర్పు 5కు 3గా బడి పక్షాన వచ్చింది. బడి పేరుతో వెలువడే పత్రికలో, బోధనకు సంబంధించిన సహేతుక కారణం ఉంటే, బడికి దిద్దే అధికారం ఉన్నదన్నారు. ఆ తీర్పు నచ్చక, పిల్లల పత్రికలకు రక్షణగా ఆ దేశంలో పదిహేనుకు పైగా రాష్ట్రాలు సొంత శాసనాలు చేసుకున్నాయి.

ఈ రెండో కథలో ప్రధానోపాధ్యాయుడు చెప్పిన కారణాలు తీసిపారవేయదగినవి కావు. పేర్లు మార్చినా ఆ గర్భవతులెవరో పోల్చుకోగలరని భయపడ్డాడు. విడాకుల వ్యాసంలో ఒక పిల్ల తన తండ్రిని నిందించింది. ఆ తండ్రి మాట ఎవరూ అడగలేదని ఆక్షేపించాడు. ఈ ఆక్షేపణలు మంచి సంపాదకుడు చేయదగినవే. వాటిని పిల్లలను కూర్చోబెట్టి చెప్పి ఉంటే, అంతకంటె మంచి పాఠం వారికి ఆ ఏడు దొరికేది కాదు. చెప్పకుండా పేజీలు పీకాడు. పాఠం పోయింది, వ్యాజ్యం మిగిలింది.

మన దేశంలోనూ ఈ కథకు వయస్సు తక్కువేమీ కాదు. 1830లో కలకత్తా హిందూ కళాశాల విద్యార్థులు డెరోజియో అనే యువ ఉపాధ్యాయుడి ప్రోద్బలంతో "పార్థెనాన్" అనే పత్రిక తెచ్చారు. ఒక సంచిక వెలువడింది. అంతలో కళాశాల పెద్దలు ఆపించివేశారు. 1831లో డెరోజియో ఉద్యోగం కూడా పోయింది. ఆ డిసెంబరులోనే 22 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు. కాని పిల్లలు ఆగారా? ఆ 1831లోనే ఆయన శిష్యులు "ఎన్‌క్వైరర్" అనీ, "జ్ఞానాన్వేషణ్" అనీ బయట పత్రికలు పెట్టారు. ఆనకట్ట వేసినవారు నీటిని ఆపామనుకున్నారు. నీరు పక్కదారి పట్టింది.

పెద్దలు ఆపని కథ కూడా ఒకటి చెప్పాలి. అది మన తెలుగువారిదే, అందులోనూ చెన్నపట్నంలో పెరిగిన తెలుగు పిల్లలది. ముళ్ళపూడి వెంకటరమణ, బాపు అక్కడ చదువుకునే రోజుల్లో "ఉదయభాను" అని సొంత పత్రిక పెట్టారు. రమణ సంపాదకుడు, బాపు చిత్రకారుడు. సైక్లోస్టైల్ యంత్రం కూడా సంపాదించారు. ఆ కాలంలోనే, అంటే 1945లో, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు చెన్నపట్నం నుంచి "బాల" పత్రిక మొదలుపెట్టారు. రేడియో అన్నయ్య, అక్కయ్య అంటే పెద్దలకు జ్ఞాపకం వస్తుంది. రమణ మొదటి కథ అందులోనే అచ్చయింది. కథ పేరు "అమ్మ మాట వినకపోతే". తరువాత జీవితమంతా తెలుగువాళ్ళను నవ్వించి, బుడుగు నోట పెద్దలను నిలదీసిన మనిషి మొదట వ్రాసిన కథకు ఎంత బుద్ధిమంతమైన పేరో చూడండి! "బాల" చేసినదల్లా పిల్లల వ్రాతను పిల్లల పేరుతో అచ్చువేయడమే. పేరు అచ్చులో చూచుకున్న పిల్లవాడు ఆకాశరామన్న కావలసిన పని ఉండదు.

ఇక మన గోడ దగ్గరకు వస్తాము. సర్వసభ్య సమావేశానికి మేము చేయదలచిన మనవి నాలుగు అంశాలు. పిల్లలు కూడా వినాలి, ఎందుకంటే ఇందులో బరువు ఇద్దరికీ సమానంగా పంచాము.

మొదటిది: ప్రతి వ్రాత కిందా వ్రాసినవారి పేరు ఉండాలి. "విధేయురాలు" అని చాటున బిరుదు ఇచ్చినవాడికీ, ఆ బిరుదుకు చాటున బదులిచ్చిన పిల్లకూ కూడా మన గోడమీద చోటు లేదు. పేరు పెట్టవలసి వచ్చినప్పుడు కలం దానంతట అదే ఒక మెట్టు నిదానిస్తుంది.

రెండవది: ఒకరిమీద మాట వ్రాస్తే ఆ ఒకరిని ముందుగా అడగాలి, వారి మాట కూడా పక్కనే వేయాలి. హేజిల్‌వుడ్ తండ్రికి జరిగిన లోటు మన వీధిలో ఏ తండ్రికీ జరగరాదు. నీళ్ళ కుళాయి దగ్గర తగవు గురించి వ్రాసినా సరే, సంఘం లెక్కల గురించి వ్రాసినా సరే. సంఘం లెక్కల గురించి వ్రాయవచ్చునా అని కోశాధికారిగారు మావైపు చూస్తున్నారు. వ్రాయవచ్చును. జవాబు ఆయనే వ్రాస్తారు, కింద ఆయన సంతకం ఉంటుంది.

మూడవది పెద్దలకు. అంటించినదాన్ని ఎవరూ చింపరాదు. నచ్చకపోతే పక్కన జవాబు వ్రాసి అంటించాలి. తప్పు ఉంటే పిల్లను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. గుణింతపు తప్పులకు నవ్వరాదు. మరాఠీ బడిలో చదివి, ఇంగ్లీషులో పరీక్షలు వ్రాసి, ఇంటి భాషలో నాలుగు వాక్యాలు కూర్చుకునే పిల్ల చేసేది దీర్ఘం తప్పు కావచ్చు. ఆ వాక్యమే లేకపోతే దిద్దడానికి దీర్ఘం ఎక్కడిది? ఏటా ఈ వేదికమీద "తెలుగు మరచిపోతున్నారు" అని దుఃఖిస్తాము. తమంత తాముగా తెలుగులో వ్రాస్తామని పన్నెండుమంది పిల్లలు అర్జీ పెడితే, అనుమతి ఇవ్వాలా వద్దా అని గంటన్నర చర్చించాము. ఈ రెండు సంగతులూ ఒకే సంఘపు మినిట్సు పుస్తకంలో ఉండడం మనకు శోభ కాదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. పేరు చెప్పుకోలేని బాధ కొందరికి ఉంటుంది. సినిమాలో ఆ చీటీ వ్రాసిన పిల్లకున్నది అటువంటిదే. ఇతరులను నిందించడానికి ముసుగు వేసుకోవడం వేరు. దెబ్బతిన్న పిల్ల తన మొగం దాచుకోవడం వేరు. రెండింటినీ ఒకే గాట కట్టడం అన్యాయం. అటువంటి పిల్ల సంగతి గోడకు ఎక్కరాదు. గోడ కంటే ముందు ఆమెకు ఒక మనిషి కావాలి. కనుక మన సంఘం ఇద్దరు పెద్దలను, అందులో ఒకరు తప్పనిసరిగా స్త్రీ, ఏర్పరచాలి. ఏ పిల్లైనా, ఏ వేళనైనా, వాళ్ళ దగ్గరకు పోయి చెప్పుకోవచ్చును. విన్న పెద్దలు పిల్ల పేరును ఊరిమీద వేయరు. అట్లాగని సంగతిని కప్పిపుచ్చనూ పుచ్చరు, చేయవలసిన చోట ఫిర్యాదు చేస్తారు. "వేధించాడు" అని పిల్ల అంటే, "విసిగించాడు" అని మార్చరు. పరువు పోతుందని మాట మార్చే అలవాటు అమెరికా హెడ్‌మిస్ట్రెస్ ఒక్కతెది కాదు. మన వీధుల్లో అది ఎప్పటినుంచో ఉన్నది, దాని ఖరీదు ఎక్కువగా ఆడపిల్లలే చెల్లించారు.

పిల్లలకు ఒక్క మాట. "మోక్సీ" చూచి, బడిమీద తిరగబడడమే పత్రిక అనుకోవద్దు. కోపం పత్రికకు పొయ్యి మాత్రమే; పొయ్యి ఉన్నంతలో వంట కాదు. విచారించడం, అడగడం, రెండోవైపు వినడం, దిద్దుకోవడం, సంతకం పెట్టడం, ఇవన్నీ చేతికి మసి అయ్యే పనులు. మీలో వివియన్ వంటి తెగువ గలవారు క్లాడియాలను మరువకండి. మీ తెగువకు ఖర్చు మరొకరు చెల్లించేటట్లయితే, ముందుకు వచ్చి నిలబడడం మీ వంతు.

పెద్దలకు కూడా ఒక్క మాట. పిల్లలు వ్రాయడం ఎట్లాగూ ఆగదు. ఫోనుల్లో వ్రాస్తున్నారు, ముసుగు పేర్లతో వ్రాస్తున్నారు, మనకు తెలియని చోట వ్రాస్తున్నారు. మన ఎదుట, మన భాషలో, తమ పేరుతో వ్రాస్తామని వాళ్ళే అడుగుతున్నారు. ఇటువంటి అర్జీ రెండుసార్లు రాదు. ఆ గోడకు వెల్లవేయించే ఖర్చు మేము భరిస్తాము. మీరు సమావేశంలో చేతులెత్తండి.

 కవులు వేచి ఉన్నారు, సెలవు.